లాభం ఎవరికి?: సాహిత్యం, సమాజం మీద పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కథలు రాసేవాళ్లు, చదివేవాళ్లు, ఊళ్లలో నలుగురిని కూర్చోబెట్టి చదివించేవాళ్లు పంపిన ప్రశ్నల్లో ఆరింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. కొందరు పేరు వేయవద్దని కోరారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: పత్తి పెట్టి అప్పులపాలై చనిపోయిన రైతు మీద కథ రాసిన. రెండు పత్రికలు తిప్పి పంపినయి. "వార్తలా ఉంది" అన్నరు. మా ఊళ్లె జరిగిందే రాసిన. ఇంకేం కావాలె? (డిగ్రీ విద్యార్థిని, పరకాల)

మీరు పంపిన ప్రతి చదివాం. వాన తప్పింది, పురుగు పడింది, అప్పులవాళ్లు ఇంటి మీదికొచ్చారు, రైతు చనిపోయాడు, ఇల్లాలు గుండెలు బాదుకుంది. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఒక సంఘటనకూ తర్వాతి సంఘటనకూ నడుమ జరిగేది కథలోకి రాలేదు. అప్పు ఎవరిచ్చారు, మిత్తి (వడ్డీ) ఎంత, కాగితం రాసుకున్నారా, పంట ఎక్కడ అమ్మారు, ఇంకోచోట ఎందుకు అమ్మలేకపోయారు? ఇవి మీకు తెలిస్తే పాత్రలు వాటంతటవే మాట్లాడతాయి. తెలియకపోతే కథలో ఏడుపు ఒక్కటే మిగులుతుంది.

రాయడానికి ముందు పంటకాలాన్ని నెలలవారీగా ఒక కాగితం మీద వేసుకోండి. జూన్‌లో తొలకరికి ఇత్తనాలు. పత్తి గింజల ప్యాకెట్ 475 గ్రాములు ఉంటుంది. గింజ పెట్టాక పదిహేను రోజులు వాన మొహం చాటేస్తే మొలక మాడిపోతుంది, మళ్లీ ప్యాకెట్ కొనాలి. చాలా ఇళ్లలో లెక్క తప్పేది ఈ రెండో ప్యాకెట్ దగ్గరే. మొదటిదానికి చేతిలో ఉన్న పైసలు పెట్టారు, రెండోది ఉద్దెర. ఇక్కడి నుంచి ఎరువులు, మందులు అన్నీ అదే దుకాణంలో ఉద్దెర ఖాతా మీద నడుస్తాయి. ఉద్దెరకు తెచ్చుకునే మనిషి "ఈ మందు వద్దు, ఆ మందు ఇయ్యి" అని గట్టిగా అడగలేడు. ఇచ్చింది తెచ్చుకుని కొడతాడు. పంట వచ్చాక వాళ్లు చెప్పిన చోటే అమ్మాల్సి రావడం కూడా మామూలే. 1997-98 పంటకాలంలో ఉమ్మడి వరంగల్ జిల్లా పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతా చర్చకు వచ్చాయి. అప్పుడు కూడా పురుగు ఒక్కటే కారణం కాదు. పనిచేయని మందులు, ఉద్దెర, మిత్తి, కౌలు అన్నీ ఒకే ఇంటి మీద ఒకేసారి పడ్డాయి.

తర్వాత అప్పు లెక్క వేయండి. ఇది కథలో రాయకపోయినా మీ చేతిలో ఉండాలి. జూన్‌లో రెండు లక్షలు, నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చారనుకుందాం. నెలకు మిత్తే 6,000. పత్తి అమ్మి పైసలు చేతికొచ్చేసరికి జనవరి ఆఖరు అయితే ఎనిమిది నెలలకు 48,000. "నూటికి మూడు" అన్నప్పుడు చిన్నగా వినిపిస్తుంది కానీ ఏడాదికి అది 36 శాతం. మీ కథలో రైతు భార్య ఈ లెక్కను వేళ్ల మీద వేస్తుంటే, రైతు వినకూడదని బయటికి వెళ్లిపోతే, అక్కడ ఒక సన్నివేశం ఉంది.

మార్కెట్ ఘట్టాన్ని మీరు ఒక్క వాక్యంలో దాటేశారు: "గిట్టుబాటు ధర రాలేదు." ఎందుకు రాలేదు? 2025-26లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఆ ధర 8 శాతం తేమ ఉన్న పత్తికి. అంతకు మించితే 12 దాకా ఒక్కో శాతానికి ధరలో ఒక్కో శాతం కోస్తారు. అంటే 12 శాతం దగ్గర క్వింటాలుకు 324 రూపాయలు పోయినట్టే. 12 దాటితే సీసీఐ (కేంద్ర ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ) కేంద్రంలో తీసుకోరు. పత్తి తడిగా ఎందుకుందో కూడా చూడండి. ఏరే కూలి కిలోల లెక్కన. పొద్దున్నే మంచు మీద ఏరితే తూకం పెరుగుతుంది. కూలి తల్లికి ఆ నాలుగు రూపాయలు అవసరం, రైతుకు ఆ తడే నష్టం. ఇద్దరిలో దుర్మార్గులు ఎవరూ లేరు. కూలి కట్టే పద్ధతి ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టింది. తేమ మీటరు ముల్లు పత్తి బోరంలో (మూటలో) గుచ్చి, అంకె 14 దగ్గర ఆగిన క్షణం రాయండి. అప్పుడు రైతు ముందున్నవి మూడే దారులు: ట్రాక్టర్‌కు రెండోసారి కిరాయి కట్టి ఇంటికి తోలుకుపోయి ఆరబెట్టడం, గేటు బయట నిలబడ్డ వ్యాపారి చెప్పిన ధరకు ఇచ్చేయడం, ఆ రాత్రి అక్కడే పడుకుని రేపటి ఎండ కోసం చూడటం. ఏ దారి పట్టాడో, ఎందుకు పట్టాడో రాస్తే ఆయన ఎలాంటి మనిషో పాఠకుడికి తెలిసిపోతుంది. ఆయన స్వభావం గురించి మీరు ఒక్క విశేషణం కూడా వాడక్కర్లేదు.

మీ రైతు సొంత భూమి ఉన్నవాడా, కౌలుకు తీసుకున్నవాడా అన్నది కథలో ఎక్కడా లేదు. ఇది చిన్న విషయం కాదు. తెలంగాణ ప్రభుత్వ రైతుబీమా 2018 ఆగస్టులో మొదలైంది. 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు వస్తాయి. కౌలు రైతు పేరు పాసుపుస్తకంలో ఉండదు, బీమా ఉండదు. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబాలకు సాయం కోసం 2004లో వచ్చిన 421 నంబరు జీవోలో లక్షన్నర ఉండేది, 2015లో 194 నంబరు జీవోతో దాన్ని 6 లక్షలు చేశారు. అయితే విచారణలో ఎఫ్‌ఐఆర్, శవపరీక్ష నివేదికతో పాటు అప్పుల ఆధారాలు కూడా చూస్తారు. ఇక్కడ ఒకసారి ఆగి ఆలోచించండి. నోటి మాట మీద తెచ్చిన అప్పుకు ఆధారం ఎక్కడిది? ఏ మనిషి ఇంటి ముందు నిలబడి పైసలు అడిగాడో, అదే మనిషి దగ్గరికి ఆ ఇల్లాలు వెళ్లి "మా ఆయన మీకు బాకీ ఉన్నడని ఒక్క కాగితం రాసియ్యండి" అని అడగాలి. అంత మిత్తికి ఇచ్చానని రాసివ్వడానికి ఆయన జంకుతాడు. మా దృష్టిలో మీ కథ మొదలు కావలసింది ఇక్కడ. చావు ముందే జరిగిపోయి ఉండాలి. కథ ఆ కాగితం కోసం తిరిగిన రెండు మూడు రోజులది కావాలి.

రెండు జాగ్రత్తలు. సావుకారును రాక్షసుడిగా గీయకండి. ఆయన కూడా పైనున్న డీలరుకు గడువులోగా కట్టాలి. ఆ ఒత్తిడి ఒక్క ఫోన్ కాల్‌లో వినిపిస్తే చాలు. రెండోది ఇంకా ముఖ్యం: చావు ఎలా జరిగింది, ఏ మందు, ఎంత అన్న వివరాలు రాయవద్దు. చావుతో సమస్య తీరినట్టు, లోకం బుద్ధి తెచ్చుకున్నట్టు కూడా చూపించవద్దు. అదే కష్టంలో ఉన్న మనిషి మీ కథ చదువుతూ ఉండవచ్చు. పత్రికలో అచ్చయ్యేటప్పుడు కథ కింద మానసిక సాయం అందించే టెలి మానస్ నంబరు 14416 వేయమని సంపాదకులను అడగండి. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు, పైసలు పడవు.

ప్రశ్న: ఆశ, అసూయ, కోపం మనిషికి పుట్టుకతో వచ్చినవి. కట్నం మీద ఎన్నేళ్లుగా ఎన్ని కథలు వచ్చాయి! కట్నం పోయిందా? స్వభావాన్ని సాహిత్యం మార్చలేదని ఒప్పుకుంటే మంచిది కదా? (విశ్రాంత ఉద్యోగి, కరీంనగర్)

ఆశ పుట్టుకతో వచ్చిందే అనుకుందాం. అప్పుడు ఒక సంగతికి జవాబు చెప్పుకోవాలి. గురజాడ కన్యాశుల్కం నాటకం 1897లో అచ్చయింది. అందులో తండ్రులు పసిపిల్లలను ముసలివాళ్లకు డబ్బుకు కట్టబెడతారు. అంటే డబ్బు మగపెళ్లివారి నుంచి ఆడపెళ్లివారికి వెళ్తుంది. మన తెలంగాణ పల్లెల్లో కూడా చాలా శ్రమ కులాల్లో, గిరిజన తెగల్లో ఓలి ఇచ్చి పిల్లను తెచ్చుకునే ఆచారం ఉండేది. మీ ఇంటి పెద్దల్లో ఎనభై దాటినవాళ్లుంటే అడిగి చూడండి. ఇవాళ అవే ఇళ్లలో డబ్బు ఎదురు దిక్కున పోతోంది. ఆశ అదే ఆశ. మరి దిక్కు ఎందుకు మారింది?

పిల్ల ఇంటి నుంచి వెళ్లిపోతే నాట్లకు, కలుపుకు రెండు చేతులు తగ్గే ఇంట్లో, తీసుకుపోయేవాడు ఇంత ఇచ్చి తీసుకుపోయాడు. పిల్లాడి చదువు, ఉద్యోగం, ఊరి పక్కన పెరిగిన భూమి ధర ఇంటి విలువను నిర్ణయించడం మొదలయ్యాక ఆడపిల్ల చేసే పని లెక్కలోంచి జారిపోయింది. కలిగిన కులాలు చేసినట్టు చేస్తే మర్యాద అనుకోవడం కూడా దీనికి తోడయింది. కాబట్టి "మనిషి గుణమే అంత" అన్న మాట దగ్గర ఆగితే కట్నం గురించి మనకు తెలిసేది ఏమీ ఉండదు. ఆ గుణం ఏ ఏర్పాటులో ఎవరికి లాభం తెచ్చిపెడుతోంది అని అడిగితే తెలుస్తుంది. మంచి సాహిత్యం చేసే పని ఈ రెండో ప్రశ్న అడగడమే అని మేం గట్టిగా నమ్ముతాం.

వెట్టి సంగతి కూడా ఇలాంటిదే. నిజాం కాలంలో దొర గడిలో (కోటలాంటి ఇంట్లో) చాకలి బట్టలు ఉతకాలి, కుమ్మరి కుండలు ఇవ్వాలి, గొల్ల గొర్రెను ఇవ్వాలి, మాదిగ చెప్పులు కుట్టి ఇవ్వాలి, కబురు మోయాలి. అన్నీ ఉచితంగా. అప్పట్లో దీన్ని దొరల గుణంగా, బీదల కర్మగా చెప్పుకున్నారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను విసునూరు దేశ్‌ముఖ్ (అక్కడి దొర) మనుషులకు దక్కనివ్వలేదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ఆ దొర మనుషుల తూటాకు బలయ్యాడు. ఆ తర్వాత తెలంగాణ రైతాంగ పోరాటం పల్లెపల్లెకూ పాకింది. 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం వచ్చాయి. దొరల మనసులు ఒక్క రాత్రిలో మారిపోయాయని ఎవరూ అనరు. గడి వెనక ఉన్న బలం తగ్గింది, వెట్టి చేయించుకోవడం కుదరకుండా పోయింది.

స్వభావం, సమాజం ఒకే కథలో ఎలా కలుస్తాయో చూడాలంటే వట్టికోట ఆళ్వారుస్వామి "జైలు లోపల" కథలు చదవండి. ఆయన రాజకీయ ఖైదీ. రాసింది మాత్రం పక్కనున్న మామూలు ఖైదీల గురించి. నేరం చేసిన మనిషిని అమాయకుణ్ని చేయకుండా, ఆ నేరం దాకా నడిచిన దారిని చూపిస్తాడు.

కట్నం కథల మీద మాకూ ఒక ఫిర్యాదు ఉంది. నూటికి తొంభై కథల్లో అత్త ఒక్కతే దోషి. మామగారు పేపర్ చదువుకుంటూ ఉంటాడు. అసలు ఆ పైసలు ఎటు పోయాయో రాసే కథలు తక్కువ. కొడుక్కి తెచ్చిన కట్నమే చాలా ఇళ్లలో బిడ్డకు ఇచ్చే కట్నం. తెచ్చేటప్పుడు సిగ్గు లేనివాళ్లు, ఇచ్చేటప్పుడు ఏడ్చేవాళ్లు వేరువేరు మనుషులు కారు. 1961 చట్టం ప్రకారం ఇవ్వడమూ తీసుకోవడమూ రెండూ నేరమే. వేధింపుకు పాత శిక్షాస్మృతిలో 498ఏ ఉండేది, 2024 జులై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్. చట్టం ఉన్నా కేసు ఆలస్యంగానే వస్తుంది. పెళ్లప్పుడు ఇచ్చిన పైసలకు రసీదు ఉండదు, సాక్షులందరూ చుట్టాలే. ఆ చుట్టాల్లో ఒకరు నోరు విప్పే ఘట్టం మీద కథలు ఇంకా రావాలి.

ప్రశ్న: కథ మొత్తం మా వరంగల్ మాటల్లో రాయవచ్చా, సంభాషణలు మాత్రమేనా? (హైస్కూల్ తెలుగు పండితుడు, నర్సంపేట)

మొత్తం రాయవచ్చు. ప్రజాకవి కాళోజీ పుట్టిన సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నది ఆ హక్కు కోసమే. నియమం ఒక్కటే. కథ చెప్పే గొంతు ఎవరిదో ముందు తేల్చుకోండి. ఆ గొంతు "పోయిండు" అంటే చివరిదాకా అదే అనాలి, నడుమ "వెళ్లాడు" రాకూడదు. పాత్రలు ఎవరికి తగ్గట్టు వాళ్లు మాట్లాడొచ్చు. కానీ కూలికి, ముసలవ్వకు మాత్రమే ఊరి మాట పెట్టి, డాక్టరుకూ తహసీల్దారుకూ పుస్తకాల భాష పెడితే, ఊరి మాట చదువు లేనివాళ్లదే అని మీరే ముద్ర వేసినట్టవుతుంది. మన డాక్టర్లు ఇంట్లో ఎలా మాట్లాడతారో మీకు తెలుసు.

ప్రశ్న: మా ఊళ్లో బాణామతి, చేతబడి అనుమానాలు ఎక్కువ. ఉపన్యాసాలు పెడితే జనం వినడం లేదు. కథ చదివి వినిపించి మాట్లాడిద్దామనుకుంటున్నాం. ఎలా చేయాలి? (ఉపాధ్యాయురాలు, ములుగు జిల్లా)

ముందు ఒకటి చూసుకోండి. ఇప్పటికే ఒక మనిషి పేరు పెట్టి ఊళ్లో గుసగుసలు నడుస్తున్నాయా? నడుస్తుంటే కథల కార్యక్రమం ఆపి, 112కు గానీ ఎస్‌ఐకి గానీ వెంటనే చెప్పండి. మీ పేరు బయటపెట్టవద్దని అడగవచ్చు. మహారాష్ట్రలో 2013లో మూఢనమ్మకాల మీద ప్రత్యేక చట్టం వచ్చింది. ఇక్కడ ఉన్న చట్టాల కింద కూడా కొట్టడం, చంపుతామని బెదిరించడం, ఇంట్లోకి చొరబడటం నేరాలే. గుసగుసలున్న ఊళ్లో చేతబడి కథ చదివితే, అందరి కళ్లూ ఆ ఒక్క ఇంటి వైపు తిరుగుతాయి. మంచికి పోయి ఆ మనిషి ప్రాణం మీదికి తెచ్చిన వాళ్లమవుతాం.

అలాంటిదేమీ లేకపోతే, అనుమానం ఎలా పుడుతుందో మీకు ముందు స్పష్టంగా ఉండాలి. ఇంట్లో ఎవరికో జ్వరం తగ్గదు, ఫిట్స్ వస్తాయి, బాలింత ఏదేదో మాట్లాడుతుంది, లేదా బర్రె చచ్చిపోతుంది. ముందు ఊళ్లో ఆర్‌ఎంపీ సూది. తర్వాత హన్మకొండలో ప్రైవేటు దవాఖాన, పరీక్షలు, అప్పు. అయినా తగ్గకపోతే మంత్రగాడు. మంత్రగాడు తెలివిగా పేరు చెప్పడు. "తూర్పు దిక్కున ఉన్నరు, మీ ఇంట్ల తిన్నవాళ్లే" అని ఆనవాళ్లు చెబుతాడు. ఖాళీని ఇంటివాళ్లే నింపుకుంటారు. అలా నింపిన పేరు ఎవరిది? గెట్టు (పొలం సరిహద్దు) పంచాయితీ ఉన్నవాడిది, బాకీ అడుగుతున్నవాడిది, లేకపోతే ఒంటరిగా ఉండే ముసలామెది. భయం నిజమైనదే. ఆ భయానికి దొరికిన పేరు వెనక మాత్రం భూమో డబ్బో ఉంటుంది.

ఇక కార్యక్రమం. పన్నెండు నుంచి పదిహేను మంది చాలు. నలభై మంది వస్తే సభ అవుతుంది, నలుగురే మాట్లాడతారు. పత్తి ఏరే రోజుల్లో ఆడవాళ్లు పొద్దుగూకేదాకా చేనులోనే ఉంటారు కాబట్టి ఫిబ్రవరి తర్వాత ఒక ఆదివారం సాయంత్రం పెట్టుకోండి. మొత్తం గంటన్నర. ఊరి పేరు, కులం పేరు మీ ఊరికి కలవని కథ ఎంచుకోండి. రెండు వేల మాటల కథ గట్టిగా చదవడానికి ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది. అంతకు మించినది వద్దు. ఉన్న కథలు నచ్చకపోతే పైన చెప్పిన వరసలో మీరే ఒకటి రాసుకోండి.

చదివేటప్పుడు కథను మధ్యలో ఆపాలి. మంత్రగాడు ఆనవాళ్లు చెప్పిన చోట ఆపండి. తలా ఒక చీటీ ఇచ్చి "ఇప్పుడు ఆ ఇంటివాళ్లు ఎవరి పేరు చెప్తరు?" అని రాయమనండి. రాయలేనివాళ్లకు పిల్లలు రాసి పెడతారు. చీటీలు తీసి చదవండి. దాదాపు అందరూ కథలో గెట్టు తగాదా ఉన్న మనిషి పేరే రాస్తారు. "ఎట్ల తెలిసింది?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న మీద అరగంట మాట్లాడుకుంటారు. మీరు ఏమీ చెప్పాల్సిన పని ఉండదు. ఆ తర్వాతే మిగతా కథ చదవండి.

చెడిపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. సర్పంచో పెద్దమనిషో మొదట మాట్లాడితే, మిగతావాళ్లు ఆయన మాటకు తల ఊపుతారు. ఆయనను చివర మాట్లాడమని ముందే చెప్పి ఒప్పించండి. ఆడవాళ్లు వెనక కూర్చుంటే వాళ్ల గొంతు రాదు, అందరినీ గుండ్రంగా చాప మీద కూర్చోబెట్టండి. "ఇంకా ఈ కాలంలో కూడా నమ్ముతరా?" అని ఎవరైనా నవ్వితే నమ్మేవాళ్లు నోరు మూసుకుంటారు, ఆ రోజుకు పని అయిపోయినట్టే. పీహెచ్‌సీ నుంచి ఏఎన్ఎంనో ఆశ కార్యకర్తనో పిలిచి ఒక మూలన కూర్చోబెట్టుకోండి. ఫిట్స్‌కు, బాలింత మతిభ్రమణకు మందులున్నాయని చెప్పాల్సినప్పుడు చెబుతారు. జనవిజ్ఞాన వేదిక వాళ్లు మంత్రగాళ్ల చమత్కారాల గుట్టు విప్పే ప్రదర్శనలు చేస్తారు. పసుపు నీళ్లలో సున్నం పడితే నెత్తురు రంగు వస్తుందని చూపిస్తారు. అది వేరే రోజు పెట్టుకోండి. రెండూ ఒకే పూట అయితే జనానికి ఎర్ర నీళ్లే గుర్తుంటాయి, చీటీలు మరిచిపోతారు.

ప్రశ్న: మా ఆయన దుబాయిల ఉంటడు. అత్తగారింట్ల ఉండే కోడలి మీద కథ రాసిన. అచ్చయితే ఇంట్లవాళ్లు గుర్తుపడతరని భయం. (గృహిణి, జగిత్యాల జిల్లా)

భయం సహేతుకమే. మీ కథలో అత్త పేరు మార్చారు కానీ మిగతావన్నీ అట్లే ఉన్నాయని మీరే రాశారు. పేరు ఒక్కటి మారిస్తే సరిపోదు. పేరు లేకపోయినా నలుగురు గుర్తుపట్టగలిగితే పరువు నష్టం కేసుకు వీలుంటుంది. ఇప్పుడది న్యాయ సంహిత 356వ సెక్షన్.

ఏది మార్చాలో, ఏది మార్చకూడదో విడదీసుకోండి. ఊరు, ఇంట్లో మనుషుల సంఖ్య, పిల్లలు, పనులు మార్చండి. మీ ఇంట్లో బీడీలు చేస్తే కథలో కిరాణా దుకాణం పెట్టండి. అత్త స్థానంలో తోటికోడలు గానీ ఆడబిడ్డ గానీ ఉంటే ఏమవుతుందో రాసి చూడండి. మార్చకూడనిది ఒకటే: ఆ ఇంట్లో అధికారం ఎట్లా నడుస్తోంది అన్నది. నెల నెలా పైసలు ఎవరి ఖాతాలో పడతాయి? కోడలికి సబ్బుకు, షాంపుకు ఎవరిని అడగాలి? వీడియో కాల్ వచ్చినప్పుడు ఫోన్ మొదట ఎవరి చేతిలో ఉంటుంది, ఆమె చేతికి వచ్చేసరికి గదిలో ఎంతమంది ఉంటారు? అందరి ముందు "బాగున్న" అని చెప్పి ఫోన్ తిరిగి ఇచ్చేసే ఘట్టం మీ ఉత్తరంలో రెండు వాక్యాల్లో ఉంది. కథలో అసలు లేదు! దాన్ని తప్పకుండా రాయండి. మీ ఇంటి ఆనవాలు ఏమీ పట్టివ్వదు, గల్ఫ్‌కు మనుషులను పంపిన ప్రతి ఇల్లూ మాత్రం దాన్ని గుర్తుపడుతుంది.

అత్త వైపు కూడా ఒక పేజీ రాయండి. వీసాకు ఏజెంటుకు కట్టిన అప్పు ఆమెకూ నిద్ర పట్టనివ్వదు. కొడుకు పంపేది కోడలి చేతికి పోతే అప్పు తీరదన్నది ఆమె భయం. కలం పేరుతో పంపవచ్చు. అసలు పేరు, చిరునామా సంపాదకులకు విడిగా రాసి, బయటపెట్టవద్దని కోరండి. కథలో ఉన్నది మీకే జరుగుతుంటే, మాట్లాడుకోవడానికి మహిళా హెల్ప్‌లైన్ 181 ఉంది. కేసు పెట్టాలన్న నియమం లేదు, సలహా అడిగినా సరే.

ప్రశ్న: ముసలి తల్లిదండ్రులను వదిలేసిన పిల్లల కథలు చదివి కళ్లు తుడుచుకుంటున్నాం. ఆ తర్వాత? సమాజం ఇచ్చే దారి ఏముంది? (ఒక పాఠకురాలు, హన్మకొండ)

ఈ కథల్లో ఎక్కువ భాగం ఒకే అచ్చులో ఉంటాయి: కోడలు చెడ్డది, కొడుకు బలహీనుడు, చివర వృద్ధాశ్రమం. భూమి ఎవరి పేరు మీదికి, ఏ సంవత్సరం మారింది అన్న ప్రశ్న వాటిలో ఉండదు. చాలా ఇళ్లలో ఆదరణ తగ్గేది రిజిస్ట్రేషన్ అయిపోయిన తర్వాతే.

దారి ఉంది. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ఆర్డీఓ ఆధ్వర్యంలోని ట్రిబ్యునల్‌కు తల్లి గానీ తండ్రి గానీ తెల్లకాగితం మీద దరఖాస్తు ఇవ్వవచ్చు. చేతకాకపోతే వాళ్ల తరఫున ఇంకొకరు ఇవ్వవచ్చు. కొడుకులే కాదు, బిడ్డలు కూడా బాధ్యులు. నెలకు 10,000 రూపాయల దాకా భరణం వేయవచ్చు. నోటీసు అందిన నాటి నుంచి 90 రోజుల్లో తేల్చాలి, ప్రత్యేక కారణాలుంటే ఇంకో 30 రోజులు. తీర్పు నచ్చకపోతే తల్లిదండ్రులు 60 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు.

అదే చట్టంలో 23వ సెక్షన్ ఉంది. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాసిచ్చి, తర్వాత చూడకపోతే ఆ బదిలీని రద్దు చేయమని అడగవచ్చు. అయితే ఆ షరతు నోటి మాటగా ఉంటే నిరూపించడం కష్టం. గిఫ్ట్ డీడ్ రాసేటప్పుడే "తిండి, బట్ట, మందులు, ఉండటానికి గది ఇచ్చి చూసుకోవాలన్న షరతు మీద" అని దస్తావేజులో ఒక వాక్యం రాయించాలి. చాలామంది దస్తావేజు లేఖరులు తామంతట తాము అది రాయరు. "కొడుకును అనుమానించినట్టుంటది" అని తల్లిదండ్రులే ఆపుతారు. వీలైతే భూమి మొత్తం రాసివ్వకుండా బతికినన్నాళ్లు కొంత తమ పేరు మీదే ఉంచుకోవాలి. ఎక్కడికి వెళ్లాలో తెలియనివాళ్లు ఎల్డర్ లైన్ 14567కు ఫోన్ చేస్తే ట్రిబ్యునల్ వివరాలు చెబుతారు. దరఖాస్తుతో ఆధార్, పాసుపుస్తకం లేదా రిజిస్ట్రేషన్ కాగితాల నకళ్లు, మందుల చీటీలు జత చేయండి. ఇచ్చిన దరఖాస్తు నకలు మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి.